పోస్ట్‌డాక్ ఫలితాలు: జాబితాలో పేరు లేకపోతే ఆగిపోవాలా?

2025 జూలైలో కేంద్ర సామాజిక న్యాయ, సాధికారత శాఖ నేషనల్ ఓవర్సీస్ స్కాలర్‌షిప్ జాబితా విడుదల చేసింది. దేశం మొత్తానికి ఉన్న స్లాట్లు 125. దరఖాస్తులు 440. ఎంపికైనవాళ్లు 106 మంది. ఆ 106 మందిలోనూ ముందుగా 40 మందికే తాత్కాలిక అవార్డు లేఖలు ఇచ్చారు. మిగతా 66 మందికి చెప్పిన మాట ఒక్కటే: నిధులు ఉంటే ఇస్తాం. దరఖాస్తులు చూశారు, వరుసలో పెట్టారు, అర్హులే అన్నారు, డబ్బు సంగతి మాత్రం తర్వాత చూద్దామన్నారు. విదేశీ యూనివర్సిటీలో సీటు తెచ్చుకొని వీసా తేదీలు లెక్కపెట్టుకుంటున్నవాళ్లకు ఈ మాట చెప్పడమంటే లేదని చెప్పినట్టే.

ఆ స్కాలర్‌షిప్ మాస్టర్స్‌కూ పీహెచ్‌డీకీ ఇచ్చేది. నేను రాయాలనుకున్నది పీహెచ్‌డీ తర్వాత వచ్చే పోస్ట్‌డాక్టోరల్ ఫెలోషిప్పుల గురించి. అయినా దీంతోనే ఎందుకు మొదలుపెట్టానంటే, ఫలితం అనేదాని లోపల ఏముంటుందో ఈ జాబితా బట్టలిప్పి చూపించింది. ఫలితమంటే మన తెలివి మీద తీర్పు అని చిన్నప్పటి నుంచి నమ్మాం. గురుకులం ఎంట్రన్స్ నుంచి నెట్ దాకా అదే నమ్మకం. కానీ 106 మందిలో ఎవరు ముందు, ఎవరు ఆగాలి అన్నది తేల్చింది ఖజానా. పోస్ట్‌డాక్ ఫలితాలనూ ఇలాగే చదవాలి. ఎన్ని సీట్లు, ఎంత డబ్బు, ఎంతమంది క్యూలో ఉన్నారు, ఆ తర్వాతే మన ప్రతిపాదన ఎలా ఉందన్న ప్రశ్న.

యూరప్ వాళ్ల మేరీ స్క్లోడోవ్‌స్కా క్యూరీ పోస్ట్‌డాక్టోరల్ ఫెలోషిప్ లెక్క చూడండి. మన దగ్గర సైన్స్ వాళ్లూ సోషల్ సైన్స్ వాళ్లూ ఈ మధ్య ఎక్కువగా దీనికే దరఖాస్తు చేస్తున్నారు. 2024 విడతలో 10,360 దరఖాస్తులు వస్తే 1,696 మందికి దక్కింది. అంటే వందలో పదహారు మందికి. 2025 విడతలో దరఖాస్తులు 17,058కి చేరాయి. ఒక్క ఏడాదిలో దాదాపు 65 శాతం పెరుగుదల. బడ్జెట్ మాత్రం పెరగలేదు. ముందటేడు గెలిచే స్థాయి ప్రతిపాదన ఈసారి ఓడిపోవచ్చు. అందులో ఒక్క అక్షరం మారలేదు, పొడుగైంది క్యూ. దేశంలో చూస్తే, 2022 సెప్టెంబర్ 5న యూజీసీ ప్రకటించిన డాక్టర్ రాధాకృష్ణన్ పోస్ట్‌డాక్టోరల్ ఫెలోషిప్‌లో సీట్లు 900, నెలకు 50,000 రూపాయలు. దేశంలోని అన్ని సబ్జెక్టులకూ అన్ని యూనివర్సిటీలకూ కలిపి 900.

పోస్ట్‌డాక్ రాకపోతే ఏం పోయింది, లెక్చరర్ ఉద్యోగం చూసుకోవచ్చు కదా అంటారు చాలామంది. అదీ అంత తేలిక కాదు. యూజీసీ 2018 నిబంధనల ప్రకారం యూనివర్సిటీల్లో అసిస్టెంట్ ప్రొఫెసర్ ఇంటర్వ్యూకి పిలవడానికి వేసే మార్కుల్లో బోధన లేదా పోస్ట్‌డాక్ అనుభవానికి ఏడాదికి 2 చొప్పున గరిష్ఠంగా 10 మార్కులు ఉన్నాయి. పరిశోధన వ్యాసాలకు మరో 10. ఫెలోషిప్ వచ్చినవాడు ఆ రెండేళ్లలో అనుభవం మార్కులూ తెచ్చుకుంటాడు, వ్యాసాలూ రాసుకుంటాడు. రానివాడు పీరియడ్ లెక్కన జీతమిచ్చే గెస్ట్ లెక్చరర్ పనిలో చేరి, ఎండాకాలం సెలవుల్లో చేతిలో పైసా లేకుండా కూర్చుంటాడు. ఒక్క ఈమెయిల్‌తో వచ్చిన తేడా మూడేళ్ల తర్వాత ఇంటర్వ్యూ జాబితాలో 'మెరిట్' అనే పేరుతో కనబడుతుంది.

నల్లగొండ, పాలమూరు జిల్లాల నుంచి వచ్చిన మాలాంటివాళ్లకు ఈ మధ్యకాలమే అసలు సమస్య. నల్లగొండలో మహాత్మాగాంధీ యూనివర్సిటీ 2007లో, మహబూబ్‌నగర్‌లో పాలమూరు యూనివర్సిటీ 2008లో వచ్చాయి. అంతకు ముందు పీజీ దాటి చదవాలంటే హైదరాబాద్ బస్సెక్కాల్సిందే. ఈ యూనివర్సిటీల వల్ల మా వాడల నుంచి పీహెచ్‌డీ దాకా వచ్చేవాళ్లు పెరిగారు, అది నిజమైన మార్పు. కానీ ఇవి రాష్ట్ర యూనివర్సిటీలు. కేంద్రీయ విశ్వవిద్యాలయంలో నెట్ ఫెలోషిప్ లేని పీహెచ్‌డీ విద్యార్థికి నెలకు ఇచ్చే 8,000 రూపాయలు కూడా ఇక్కడివాళ్లకు లేవు. 2015 అక్టోబర్‌లో ఆ డబ్బును కూడా ఎత్తేయాలని యూజీసీ నిర్ణయిస్తే ఢిల్లీలో 'ఆక్యుపై యూజీసీ' ఉద్యమం నడిచింది. దాన్ని రాష్ట్ర యూనివర్సిటీలకూ ఇవ్వాలని అప్పుడే అడిగారు. ఆ డిమాండ్ ఇప్పటికీ డిమాండ్‌గానే ఉంది.

దాంతో థీసిస్ సమర్పించిన రోజు నుంచి ఫలితం వచ్చే రోజు దాకా బతకడానికి డబ్బుండదు. పోస్ట్‌డాక్ దరఖాస్తు గడువుకీ ఫలితానికీ మధ్య ఐదారు నెలలు పడుతుంది. తండ్రి ప్రొఫెసరో ఆఫీసరో అయిన స్నేహితుడు ఆ ఐదారు నెలలు ఇంట్లో కూర్చొని ఇంకో వ్యాసం రాసుకుంటాడు. మా ఇళ్లల్లో అన్నలు బొంబాయి, పుణె కట్టడం పనుల నుంచి పైసలు పంపి చదివించారు. ఊరికి పోతే ముసలమ్మలు అడిగే ప్రశ్న, "ఇంకా సదువుడేనా బిడ్డా? నౌకరి ఎప్పుడొస్తది?" వాళ్ల ప్రశ్నలో తప్పు లేదు. ముప్పై రెండేళ్లు దాటిన మనిషి ఇంకా దరఖాస్తు పెడుతున్నాడంటే ఎవరికైనా వింతే. ఆడపిల్లలకైతే ఆ ప్రశ్న పక్కనే పెళ్లి ప్రశ్న కూడా ఉంటుంది, ఫలితం రాని ఏడాదే దాన్ని గట్టిగా అడుగుతారు.

నెదర్లాండ్స్ గ్రాంటుల మీద ముగ్గురు పరిశోధకులు 2018లో ఒక అధ్యయనం ప్రచురించారు. మనం తప్పకుండా తెలుసుకోవాల్సినది. పీహెచ్‌డీ అయిన కొత్తలో ఇచ్చే ఒక గ్రాంటుకు దరఖాస్తు చేసినవాళ్లలో కటాఫ్ గీతకు కాస్త పైన ఉండి గెలిచినవాళ్లనూ, కాస్త కింద ఉండి పోగొట్టుకున్నవాళ్లనూ తీసుకొని తర్వాతి ఎనిమిదేళ్లు ఏం జరిగిందో చూశారు. మొదట్లో ఇద్దరి మార్కుల్లో పెద్ద తేడా లేదు. ఎనిమిదేళ్లలో మాత్రం గెలిచినవాళ్లకు వచ్చిన నిధులు రెండింతల కంటే ఎక్కువ. దీనికి వాళ్లు చూపిన కారణాల్లో ఒకటి నన్ను పట్టుకుంది. ఓడినవాళ్లు ఆ తర్వాత దరఖాస్తు చేయడమే తగ్గించేశారు. పోటీలో మళ్లీ ఓడిపోవడం కన్నా ముందే పోటీలోంచి తప్పుకున్నారు.

అది నెదర్లాండ్స్. అక్కడ కులం లేదు, ఇంటి అప్పు నెత్తిన లేదు. అక్కడే మనుషులు అలా తగ్గిపోతే, 'వీళ్లకు రిజర్వేషన్ వల్ల వచ్చింది, లేకపోతే రాదు' అనే మాట క్లాసురూములో పదేళ్లు విన్నవాళ్లు మొదటి తిరస్కరణ తర్వాత ఎందుకు ఆగిపోతారో వేరే చెప్పక్కర్లేదు. మనం చదివే ప్రతి 'లేదు' కింద ఆ పాత మాట వినపడుతుంది. అందుకే ఫలితాన్ని తట్టుకోవడం అనేది ధైర్యం సంగతి మాత్రమే కాదు. ఆగిపోయేవాళ్లు ఎవరన్నదాన్ని బట్టి రేపటి ప్రొఫెసర్ల జాబితా తయారవుతుంది. రోస్టర్ కోసం కొట్లాడుతున్నాం, మంచిదే. ఆ రోస్టర్ పాయింటుకి 'అర్హులైన అభ్యర్థి దొరకలేదు' అని రాసే ముందు మన అభ్యర్థి ఎక్కడ జారిపోయాడో కూడా చూడాలి.

వైఫల్యాల బయోడేటా అని ఒకటి ప్రచారంలో ఉంది. మెలనీ స్టెఫాన్ అనే శాస్త్రవేత్త 2010లో చెప్పిన ఆలోచన అది. 2016లో ప్రిన్స్‌టన్ ప్రొఫెసర్ జోహన్నెస్ హౌస్‌హోఫర్ తనకు రాని ఉద్యోగాలు, తిరస్కరించిన వ్యాసాలు అన్నీ జాబితాగా పెడితే ప్రపంచమంతా మెచ్చుకుంది. మంచి పనే. కాకపోతే ప్రిన్స్‌టన్ కుర్చీలో కూర్చున్నాక ఓటమి ముచ్చట చెబితే వినయం అంటారు. కుర్చీ లేని దళిత పరిశోధకుడు అదే జాబితా గోడకు అంటిస్తే అది సెలెక్షన్ కమిటీ చేతికి సాక్ష్యంగా పోతుంది. మనవాళ్ల ఓటముల గురించి మనవాళ్ల మధ్యనే మాట్లాడుకునే చోటు ముందు కావాలి.

ఇక్కడ అంబేద్కర్ జీవితంలో ఒక భాగం గుర్తు చేయాలి. ఫొటోకి దండ వేసే రోజు ఈ భాగం పెద్దగా చెప్పరు. 1913లో బరోడా సంస్థానం నెలకు 11.50 పౌండ్ల చొప్పున మూడేళ్లకు ఇచ్చిన స్కాలర్‌షిప్‌తో ఆయన కొలంబియా వెళ్లారు. 1916లో లండన్ స్కూల్ ఆఫ్ ఎకనామిక్స్‌లో చేరారు. స్కాలర్‌షిప్ గడువు అయిపోవడంతో 1917లో థీసిస్ మధ్యలో వదిలి తిరిగి రావాల్సి వచ్చింది. బరోడాలో ఉద్యోగం ఉంది గానీ అద్దెకు గది ఇచ్చేవాళ్లు లేరు. 1918లో బొంబాయి సిడెన్‌హామ్ కాలేజీలో ప్రొఫెసర్‌గా చేరి, జీతంలో దాచుకొని, కొల్హాపూర్ షాహూ మహారాజ్ సాయం, స్నేహితుడు నవల్ భతేనా ఇచ్చిన అప్పు కలుపుకొని 1920లో మళ్లీ లండన్ వెళ్లారు. 1923లో పరీక్షకులు ఆయన థీసిస్‌ను సవరించి తెమ్మన్నారు. సవరించి ఇచ్చారు, అదే ఏడాది డీఎస్సీ వచ్చింది. ఆయన మేధస్సు గురించి అందరూ చెబుతారు. నేను ఆ 1917, 1920 మధ్య మూడేళ్ల గురించి ఆలోచిస్తాను. ఆ మూడేళ్లలో జీతమిచ్చిన ఉద్యోగం ఒకటి, అప్పిచ్చిన స్నేహితుడు ఒకరు లేకపోతే ఆ థీసిస్ ఏమయ్యేది?

కాబట్టి పని ఫలితం వచ్చిన రోజే మొదలవుతుంది. జాబితాను ఆ రోజే డౌన్‌లోడ్ చేసి దాచాలి, తర్వాత సవరించిన జాబితాలు వస్తుంటాయి. క్యూరీ ఫెలోషిప్‌లో దరఖాస్తు చేసిన ప్రతి ఒక్కరికీ బలాలు, బలహీనతలు రాసిన నివేదిక ఇస్తారు. దాన్ని కోపం తగ్గాక, ఇంకొకరిని పక్కన కూర్చోబెట్టుకొని చదవాలి. 85 శాతం దాటిన స్కోరుకి 'సీల్ ఆఫ్ ఎక్సలెన్స్' ఇస్తారు. కొన్ని దేశాలు దాన్ని చూసి తమ నిధులతో ఫెలోషిప్ ఇస్తాయి. స్కోరు నిర్ణీత స్థాయి కంటే తక్కువొస్తే మరుసటి విడతలో అదే సంస్థతో మళ్లీ పెట్టడానికి లేదు. ఈ నియమం తెలియక ఏడాది పోగొట్టుకునే ప్రమాదం ఉంది.

మన దేశంలో వచ్చేది ఎక్కువగా ఒక పీడీఎఫ్. అందులో పేరుంటుంది, లేదా ఉండదు. అప్పుడు సమాచార హక్కు చట్టం వాడాలి. ఫీజు 10 రూపాయలు, దారిద్ర్యరేఖకు దిగువనున్నవాళ్లకు అదీ లేదు, 30 రోజుల్లో జవాబివ్వాలి. నా మార్కులెన్ని, ఎస్సీ కేటగిరీలో చివరిగా ఎంపికైనవారి మార్కులెన్ని, కేటగిరీల వారీగా దరఖాస్తులెన్ని, ఖాళీగా మిగిలిన స్లాట్లెన్ని అని అడగాలి. తన జవాబుపత్రాన్ని తాను చూసుకునే హక్కు అభ్యర్థికి ఉందని 2011లో సుప్రీంకోర్టు చెప్పింది. అది పరీక్షల కేసే అయినా ఫెలోషిప్ మూల్యాంకనానికీ ఆ వాదన పెట్టవచ్చు. పరిశీలకుల పేర్లు మాత్రం రావు. ఖాళీ స్లాట్ల ప్రశ్న మరిచిపోవద్దు. పైన చెప్పిన జాబితాలో 125కి 106 మందినే ఎంపిక చేశారు.

అంశం ఎంపిక సంగతి కూడా చెప్పాలి. 2022లో ఓవర్సీస్ స్కాలర్‌షిప్ నిబంధనల్లో ఒక వాక్యం చేర్చారు: భారత సంస్కృతి, వారసత్వం, చరిత్ర, భారత సమాజం మీద చేసే పరిశోధనకు డబ్బివ్వరు. పాలమూరు వలస కూలీల మీదనో, మర్రిగూడ ఫ్లోరైడ్ నీళ్లు ఏ వాడకు ముందు వెళ్లాయన్న దాని మీదనో లండన్‌లో థీసిస్ రాస్తానంటే కుదరదన్నమాట. పీహెచ్‌డీలో సొంత అంశాన్ని వదిలేసినవాళ్లు పోస్ట్‌డాక్‌లో దాని మీద ప్రతిపాదన రాస్తే 'ఈ రంగంలో మీ పూర్వ ప్రచురణలేవి' అన్న ప్రశ్న వస్తుంది. ఆ ప్రశ్న న్యాయమైనదే, దాన్ని పుట్టించిన నిబంధనే అన్యాయం.

ఒక మాట నేరుగా చెప్పాలి. ఏడు నెలల ఫెలోషిప్, లక్షా 75 వేల రూపాయలు రాని స్థితిలో 2016 జనవరి 17న రోహిత్ వేములను పోగొట్టుకున్నాం. ఆగిన డబ్బు, కమ్మిన ఒంటరితనం కలిస్తే ఏమవుతుందో హైదరాబాద్ క్యాంపస్‌లకు తెలుసు. ఫలితం వచ్చిన వారంలో స్నేహితుడు ఫోన్ ఎత్తకపోతే రూముకు వెళ్లండి. కలిసి తినండి. అద్దె కట్టాడో లేదో అడగండి. మనసు మరీ కుంగిపోతే టెలీ-మానస్ 14416 నంబరుకు రాత్రీ పగలూ ఉచితంగా చేయవచ్చు, తెలుగులో మాట్లాడతారు.

రాష్ట్రాన్ని అడగాల్సింది కూడా స్పష్టంగానే ఉంది. థీసిస్ సమర్పించిన ఎస్సీ, ఎస్టీ పరిశోధకులకు ఏడాదిపాటు స్టైపెండ్ కావాలి. ప్రతి జిల్లా యూనివర్సిటీలో ప్రతిపాదనలు చదివి దిద్దే ఒక మనిషి, గడువులు పెట్టిన ఒక బోర్డు కావాలి. కోట్లు అక్కర్లేదు. అవి వచ్చేదాకా మనం చేయగలిగింది, సీనియర్లు తమ ప్రతిపాదనలను దాచుకోకుండా పంచుకోవడం. గెలిచినవే కాదు, ఓడినవి కూడా, వాటికొచ్చిన నివేదికలతో సహా. "అన్నా, నీది ఎట్ల రాసినవో ఒకసారి పంపు" అని జూనియర్ అడిగితే పంపండి. క్యూరీ గడువు ఏటా సెప్టెంబర్‌లో వస్తుంది. ఆతిథ్యమిచ్చే ప్రొఫెసర్‌కు మొదటి మెయిల్ ఏప్రిల్‌లోపే వెళ్లాలి, జవాబు రాకపోతే మేలో ఇంకొకరికి.