సొంత ఇల్లు – పుస్తకాల భారం

తోంగ్‌పాల్‌లో ఉద్యోగరీత్యా గడిపిన సంవత్సరాలలో నా పుస్తకాలు రేకు పెట్టెలలోనే కాపురముండేవి. వర్షాకాలమంతా చెమ్మ, ఆపైన చెదల భయం. “సొంత ఇల్లంటూ ఏర్పడితే వీటికీ ఒక గది ఇద్దాం” అని మా శ్రీమతి ఓదార్చేది.

ఇన్నాళ్లకు మూడవ అంతస్తులో ఒక ఫ్లాటు సమకూరింది. అయితే గది ఉన్నంత మాత్రాన చాలదు. నివాస గదుల నేలను చదరపు మీటరుకు 2 కిలోన్యూటన్ల, అనగా సుమారు 200 కిలోల, భారానికి రూపొందించాలని ఐ.ఎస్. 875 ప్రమాణం నిర్దేశిస్తుంది. గ్రంథాలయాలలో పుస్తకాలు పేర్చే గదికి కనీసం 6 కిలోన్యూటన్లు కావాలి. కావున పుస్తకప్రియులకు నా మనవి: బీరువాలను గది నడుమ గుమిగూర్చక, దూలమున్న గోడల వెంబడి, చెమ్మ తగలనంత ఎడంగా నిలపండి.

ఈ లెక్కన నా పుస్తకాలలో సగానికే చోటు దొరికింది. తక్కినవి వదులుకోవడమెలాగని రెండు రాత్రులు నిద్ర పట్టలేదు. అప్పుడు సి.పి. బ్రౌన్ గుర్తుకు వచ్చాడు. కడపలో సొంత బంగళా కొని, అందులో పండితులచేత తెలుగు కావ్యాలను పరిష్కరింపజేసినవాడాయన. ఆ బంగళా శిథిలమైంది. ఆ స్థలంలో నేడు ఆయన పేర గ్రంథాలయం వెలసింది. తాను సేకరించిన వ్రాతప్రతులను మద్రాసు లిటరరీ సొసైటీకి అప్పగించినందువల్లనే అవి మనకు దక్కాయి.

మరునాడే ఆరు పెట్టెలు మా కాలనీ గ్రంథాలయానికి చేరాయి. ఏడవదాన్ని మాత్రం మా శ్రీమతి కదలనివ్వలేదు. అందులో పిల్లల చిన్ననాటి చందమామలున్నాయి.