గృహవైద్యము: మగత గొలుపు అలెర్జీ మందు

ఒడలెల్ల దద్దుర్లు లేచినను, తుమ్ములు విడువకున్నను, ప్రయాణమున కడుపు త్రిప్పినను మన యిండ్లలో వెదకెడు మందులలో ప్రోమెథజీన్ ఒకటి. ఫెనర్గన్ అను పేర అంగళ్ళలో దొరకునది యిదియే. మందు మంచిదే, వాడుకయందే మెలకువ వలయును. కావున ఈ నెల దీనినిగూర్చి సోదరీమణులకు నాలుగు మాటలు చెప్పదలచితిమి.

శరీరమునకు సరిపడని వస్తువు తగిలినపుడు హిస్టమిన్ అను పదార్థము వెలువడి దురదను, వాపును, ముక్కు కారుటను కలిగించును. ఈ మందు దాని పనిని సాగనీయదు. అయితే మెదడునందు మనలను మేల్కొలిపి యుంచుటకును హిస్టమినే తోడ్పడును. ఈ పాతరకపు మందు మెదడులోనికిని పోవును గనుక మగత గ్రమ్మును. సెటిరిజిన్, ఫెక్సోఫెనడిన్ మొదలగు క్రొత్తరకములయందు మగత తక్కువ.

ప్రోమెథజీన్ 10, 25 మిల్లీగ్రాముల మాత్రలుగను, 5 మిల్లీలీటర్లకు 5 మిల్లీగ్రాములుండు సిరపుగను, వైద్యశాలలలో నిచ్చు సూదిమందుగను కలదు. సిరపును వంటయింటి చెంచాతో కొలువరాదు. చెంచాలన్నియు ఒక్క కొలత గావు. సీసాతో వచ్చిన కొలమూతనే వాడవలెను. సూదిమందు రక్తనాళము వెలుపలికి జారినచో కండ కుళ్ళు ప్రమాదము గలదు. కాన ఇంటియొద్ద వేయించుకొనరాదు.

ఇక ముఖ్యమైన మాట. పసిబిడ్డ రాత్రులు ఏడ్చుచున్నదనియో, రైలులో అల్లరి చేయుననియో ఈ సిరపు పోసి పరుండబెట్టువారు కలరు. నల్లమందు నాకించి బిడ్డలను నిద్రపుచ్చిన వెనుకటి అలవాటునకు ఇది చెల్లెలు. రెండేండ్లు నిండని బిడ్డకు దీని నెంతమాత్రము ఈయరాదు. ఊపిరి మందగించి ప్రాణమే పోవచ్చును. అట్టి మరణములు కలుగుటచేతనే అమెరికా ప్రభుత్వ ఔషధశాఖ 2004లో ఈ మందుపై గట్టి హెచ్చరిక వ్రాయించినది. మన దేశమునను క్లోర్‌ఫెనిరమిన్, ఫినైలెఫ్రిన్ కలిపిన జలుబుమందు నాలుగేండ్లలోపు పిల్లలకు వాడరాదని సీసాపై ముద్రింపవలసినదిగా 2023లో ప్రభుత్వము ఉత్తరువు చేసినది. బిడ్డ యేడ్చినచో ఆకలియో, తడిసిన గుడ్డయో, చెవిపోటో, జ్వరమో ముందు చూడుడు. ఏడుపు మాన్పినంతమాత్రమున బాధ మానదు.

పెద్దవారు మాత్ర వేసుకొన్న రాత్రియే గాక, మరునాడు మగత వీడువరకును బండి నడుపరాదు. మద్యముతోను, నిద్రమాత్రలతోను దీనిని కలుపరాదు. వృద్ధులకు తూలిపడుట, మూత్రము బిగియుట, మతి చెదరుట కలుగవచ్చును. గర్భిణులు, పాలిచ్చు తల్లులు, గ్లకోమా అను కంటిజబ్బు గలవారు వైద్యుని అడుగక వాడరాదు.

పెదవులు, నాలుక వాచి ఊపిరి ఆడకున్నచో ఈ మాత్ర నమ్ముకొని కూర్చుండరాదు. తక్షణమే 108కు ఫోను చేసి ఆసుపత్రికి చేర్పవలెను.

తియ్యనిదని పిల్లలు త్రాగకుండ సిరపు సీసాను వారి చేతి కందని చోట, తాళము వేసి యుంచవలెనని మా మనవి.