పరిశుద్ధతకు పెళ్లి బేరంలో చోటు లేదా?

మన సంఘాల్లో పరిశుద్ధత మీద ప్రసంగాలకు కొదవలేదు. సినిమాకు వెళ్లకూడదు, మందు ముట్టకూడదు, నగలు పెట్టుకోకూడదు, తెల్లచీర కడితే మరీ మంచిది. సండే స్కూలు పిల్లలకు కూడా ఈ జాబితా కంఠతా వచ్చు. కొడుక్కి సంబంధాలు చూసేటప్పుడు మాత్రం ఇదేదీ గుర్తుకు రాదు. ఎంత ఇస్తారు, పొలమా, ప్లాటా, కారు సంగతేమిటి అన్న మాటలు ప్రార్థనతో మొదలై ప్రార్థనతోనే ముగుస్తాయి. పిల్లది మన కులమేనా అన్నది అంతకు ముందే తేలిపోయి ఉంటుంది. చివరికి శుభలేఖ మీద 'పరిశుద్ధ వివాహం' అని అచ్చు వేయిస్తారు.

ఇదేమిటని అడిగితే వచ్చే జవాబు ఒకటే: "లోకంలో బతుకుతున్నాం కదండీ, కొంచెం సర్దుకుపోవాలి. దేవుడు హృదయం చూస్తాడు." ఈ మాట అనేది భక్తిలేనివాళ్లు కాదు. దశమభాగం తప్పనివాళ్లు, ఉపవాస కూటాలకు ముందుండేవాళ్లు అంటారు. అందుకే దీన్ని వదిలేయడానికి వీల్లేదు.

పరిశుద్ధత అంటే ఒంటి మీది వేషం, మానేసిన అలవాట్లు, అంతకు మించి ఏమీ లేదన్న ఈ లెక్క ఎక్కడిది? బైబిల్లోది మాత్రం కాదు. దేవుడు పరిశుద్ధుడు గనుక ఆయన ప్రజలూ అలాగే ఉండాలన్న ఆజ్ఞతో లేవీయకాండము 19వ అధ్యాయం మొదలవుతుంది. ఆ తర్వాత వచ్చేవి ఏమిటో చూడండి. కోతలో పొలం అంచులు పేదలకు వదిలేయాలి. కూలివాడి కూలి తెల్లారేదాకా అట్టే పెట్టుకోకూడదు. తీర్పులో ముఖం చూసి మొగ్గకూడదు. తూనికలు, కొలతలు సరిగ్గా ఉండాలి. అంటే పరిశుద్ధతను పరీక్షించే చోటు పొలం, అంగడి, న్యాయస్థానం. డబ్బు చేతులు మారే చోట దాన్ని గుమ్మం బయట నిలబెట్టే హక్కు మనకెవరిచ్చారు?

సర్దుబాటును సమర్థించేవాళ్లు నయమానును సాక్షిగా పిలుస్తారు. రాజుతోపాటు రిమ్మోను గుడిలో వంగక తప్పదని అతను చెప్పుకుంటే, ఎలీషా అతణ్ణి సమాధానంతో పంపలేదా అంటారు. పంపాడు. కానీ నయమాను ఆ పూటే విశ్వాసంలోకి వచ్చినవాడు, ఒక రాజు కొలువులో ఉన్నవాడు. ఆ వంగడం వల్ల అతనికి దక్కేది ఏమీ లేదు. పైగా అది తప్పేనని ఒప్పుకుని ముందే క్షమాపణ అడిగాడు. అదే అధ్యాయం చివర గేహజీ ఉన్నాడు. ప్రవక్త ఇంట్లో మెలిగినవాడు, ప్రవక్త పేరు చెప్పి వెండి, బట్టలు పుచ్చుకుని కుష్ఠుతో బయటికి నడిచాడు. మన పెళ్లి బేరాల్లో నయమాను ఇరకాటం ఏమీ లేదు. అవి గేహజీ వసూళ్లు.

కులం సంగతికి వస్తే అంతియొకయ చాలు. పేతురు అక్కడ సిద్ధాంతమేమీ మార్చలేదు. కొందరు ఏమనుకుంటారోనని అన్యజనుల పంక్తి నుంచి లేచి వెనక్కి తగ్గాడు, అంతే. పౌలు దాన్ని చిన్న సర్దుబాటు అనుకోలేదు. అందరి ముందూ ముఖాముఖి నిలదీశాడు. బల్ల దగ్గర ఒక్కటై, పెళ్లి సంబంధం దగ్గర విడిపోయే మన సంఘాలను చూస్తే ఆయన ఊరుకునేవాడా?

ఇవన్నీ ఆ కాలపు కథలు, మన నేల మీద కుదరవు అంటారా? ఒంగోలుకు రండి. 1876–78 కరువులో బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హామ్ కాలువ తవ్వకంలో మూడున్నర మైళ్ల పని కాంట్రాక్టుకు తీసుకుని ఆకలితో ఉన్నవాళ్లకు కూలి చూపించాడు. బాప్తిస్మం కోరి జనం వచ్చారు. ఆయన ఏడాదికి పైగా ఎవరికీ ఇవ్వలేదు. కూటి కోసం చేరారన్న మాట రాకూడదన్నది ఆయన పట్టుదల. కరువు సహాయం ముగిశాక 1878 జులై 3న, వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్క రోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. ఆ అంకెను మనం సభల్లో గొప్పగా చెప్పుకుంటాం. దాని వెనకున్న నిరాకరణను చెప్పుకోం. సేవ సాగాలంటే సర్దుకోక తప్పదనేవాళ్లకు ఇంతకన్నా జవాబేం కావాలి?

ఇదంతా ధర్మశాస్త్రం, మనం కృప కింద ఉన్నాం అన్నది ఆఖరి అభ్యంతరం. జక్కయ్య ఇంటికి యేసు వెళ్లింది కృపతోనే. ఆ కృప అతని నోట పలికించింది మాత్రం లెక్కలు: ఆస్తిలో సగం బీదలకు, అన్యాయంగా తీసుకున్నదానికి నాలుగింతలు. డబ్బు జోలికి రాని కృప గురించి సువార్తలకు తెలియదు.

ఆడపిల్ల తండ్రి బాధ వేరే. కట్నం ఇవ్వకపోతే పెళ్లి కాదన్న అతని భయం నిజమైనదే. కానీ ఆ భయం పుట్టిస్తున్నది ఎవరు? పక్క బెంచీలో కూర్చున్న మరో విశ్వాసి. 1961 నుంచి చట్టం నేరమంటున్న పనిని సంఘం కనీసం పాపమని కూడా అనలేకపోతే, లోకస్తుల కన్నా మనం ఎందులో ప్రత్యేకం?

చేయాల్సింది కష్టమైనదేమీ కాదు. పెళ్లి ప్రకటన చదివి, అభ్యంతరం ఎవరికైనా ఉందా అని కాపరి సంఘాన్ని అడుగుతాడు. అంతకు ముందే వరుడి తండ్రిని పిలిచి ఎంత పుచ్చుకుంటున్నారని అడగాలి. పుచ్చుకుంటే ఆ ప్రకటన చదవకూడదు. నగ తీయనిదే బాప్తిస్మం ఇవ్వమనే ధైర్యం ఉన్న సంఘానికి ఈ ధైర్యం కూడా ఉండాలి.