విరుగుడు నీళ్లను కాలువ పాలు చేయొద్దు

పది లీటర్ల పాలు విరిచి పన్నీరు తీస్తే ఎనిమిది లీటర్ల దాకా పసుపు ఛాయ తేట మిగులుతుంది. పాలలోని లాక్టోజ్ దాదాపు అంతా అందులోనే ఉంటుంది, లీటరుకు 45 గ్రాములకు అటూఇటూగా. చిన్న పన్నీరు కేంద్రాల్లో ఇది తరచూ మురుగు కాలువలోకే పోతోంది. ఆ చక్కెరను కుళ్లబెట్టే సూక్ష్మజీవులు నీటిలోని ఆక్సిజన్‌ను పీల్చేస్తాయి. లీటరు తేటకు బీఓడీ, అంటే ఇలా ఖర్చయ్యే ఆక్సిజన్, 30 వేల మిల్లీగ్రాములకు పైమాటే. నదులూ వాగుల్లోకి వదిలే వ్యర్థజలాలకు సాధారణ పరిమితి 30. చెరువును చంపే ఈ చక్కెరే మేలు చేసే బ్యాక్టీరియా లాక్టోబాసిల్లస్‌కు తిండి. అందుకే దీన్ని పారబోయకుండా, కోళ్లకూ పశువులకూ మనుషులకూ పనికొచ్చే ప్రోబయోటిక్ బ్యాక్టీరియాను పెంచే మాధ్యమంగా వాడాలి.

పన్నీరు తేటకు ఒక అనుకూలత ఉంది. పాలు బాగా కాచాకే విరుస్తారు కాబట్టి చెడ్డ క్రిములు చాలావరకు ముందే చచ్చిపోతాయి. కానీ అదే వేడికి తేటలోని ప్రొటీన్లూ గడ్డలో కలిసిపోయి, బ్యాక్టీరియాకు నత్రజని కరువవుతుంది. ఈస్ట్ సారం వంటిది కలపక తప్పదు. 37 డిగ్రీల దగ్గర పెరిగేకొద్దీ బ్యాక్టీరియా లాక్టిక్ ఆమ్లాన్ని వదులుతుంది, చివరకు ఆ పులుపే దాని పెరుగుదలను ఆపేస్తుంది. పీహెచ్ 6 దరిదాపుల్లో ఉండేలా క్షారం కొద్దికొద్దిగా కలుపుతూ కనిపెట్టుకుంటే దిగుబడి పెరుగుతుంది. ఈ ఓపిక దగ్గరే అసలు నైపుణ్యమంతా ఉంది.

తేటను పొడి చేసి అమ్మితే సరిపోదా అంటారు. నూటికి 93 పాళ్లు నీరే ఉన్నదాన్ని ఎండబెట్టే యంత్రాలు చిన్న కేంద్రాలు కొనలేవు. పైగా పులుపు తేట పొడి తేమ పీల్చి గడ్డకడుతుంది. బ్యాక్టీరియాను వేరుచేశాక మిగిలిన నీటిలోనూ లాక్టిక్ ఆమ్లం ఉంటుందిగా అన్నది మాత్రం న్యాయమైన ప్రశ్న. పులియబెట్టినంత మాత్రాన కాలుష్యం పోదు. ఆ నీటిని బయోగ్యాస్‌కు పంపే ఏర్పాటు లేకుండా ఏ కేంద్రానికీ అనుమతి ఇవ్వకూడదు. ఇక ప్రోబయోటిక్ పేరుతో సాగే అతి ప్రచారం సంగతి. ఏ స్ట్రెయినో (బ్యాక్టీరియా ఉపరకం) తేల్చి, రోజువారీ మోతాదులో కనీసం 10 కోట్ల సజీవ కణాలుండాలన్న ఆహార భద్రతా నిబంధనను పాటించని సరుకు మనుషుల దాకా రానే కూడదు. స్ట్రెయిన్ల పరీక్షల బాధ్యతను తిరుపతి, కామారెడ్డి డెయిరీ టెక్నాలజీ కళాశాలలకు అప్పగించవచ్చు. తేట గంటల్లోనే చెడిపోతుంది కాబట్టి ఊరూరా తిరిగి చల్లగా సేకరించే పని పాల ట్యాంకర్లున్న డెయిరీలదే కావాలి, ఆ ఖర్చులో మొదటి కొన్నేళ్ల వాటా ప్రభుత్వం భరించాలి.