పురసేవ: ఉపకారమా, బాధ్యతా?

ప్రజాసేవ అనే మాట మన సభలలో వినబడినంతగా మరి ఏ మాటా వినబడదు. పూలదండ వేసినవారినీ, వేయించుకున్నవారినీ అందరినీ ప్రజాసేవకులనే పిలుస్తున్నాము. ఆ మాటకు అర్థమేమిటని ఒక విద్యార్థి లేచి అడిగితే మాత్రం వేదికమీది వారు ఒకరి ముఖం ఒకరు చూచుకొనవలసి వస్తుంది. రాయలసీమలోని ఒక చిన్న పట్టణంలో అయిదేండ్లపాటు పురపాలక సంఘ సభ్యులుగా పనిచేసిన మాకు ఈ విషయంలో కొన్ని అభిప్రాయాలు ఏర్పడినవి. వార్షిక సంచికకు నాలుగు మాటలు వ్రాయుమని కళాశాల కమిటీ పెద్దలు కోరినందున వాటిని విద్యార్థినీ విద్యార్థుల ముందు ఉంచుతున్నాము.

మా అభిప్రాయాన్ని మొదటనే స్పష్టంగా చెప్పడం మంచిది. పౌరునికి హక్కుగా చెందవలసిన దానిని తన దయగా మార్చి పంచిపెట్టేవాడు ప్రజాసేవకుడు కాడు. అతడు మంచివాడు కావచ్చు, అర్ధరాత్రి పిలిచినా పలికేవాడు కావచ్చు. అయినప్పటికీ అతనివలన వార్డు బలపడదు; అతని వాకిలి మాత్రమే నిండుతుంది. వాకిలి నిండినకొద్దీ అతని పేరు పెరుగుతుంది. ఆ వాకిటి దాకా రాలేని ముసలివారు, ఇల్లు కదలలేని స్త్రీలు, తెల్లవారకముందే కూలికి పోయేవారు వెనుకబడిపోతారు.

మన దేశంలో పురపాలన నిన్న మొన్నటిది కాదు. మద్రాసు కార్పొరేషన్ 1688లో ఏర్పడినది. 1882లో రిప్పన్ ప్రభువు స్థానిక స్వపరిపాలనను గురించి చేసిన తీర్మానం, ఈ సంస్థలను పరిపాలనా సౌకర్యం కొరకే గాక ప్రజలకు రాజకీయ విద్య గరపడం కొరకు ఉద్దేశించినది. ఆ విద్య వృథా పోలేదు. టంగుటూరి ప్రకాశం పంతులుగారు రాజమహేంద్రవరంలోను, రాజాజీ సేలంలోను, సర్దార్ పటేల్ అహమ్మదాబాదులోను, జవహర్‌లాల్ నెహ్రూ అలహాబాదులోను, రాజేంద్రప్రసాద్ పాట్నాలోను పురపాలక సంఘాలకు అధ్యక్షత వహించినవారే. దేశాన్ని నడుపబోయే పెద్దలు ముందుగా వీధికాలువల పూడికనూ, కుళాయిల కొరతనూ ఎదుర్కొన్నారు. వార్డు పనిని చిన్నపనిగా తలచే విద్యావంతులు ఈ సంగతిని గమనించవలెను.

నేడు ఈ సంస్థలకు రాజ్యాంగమే రక్ష. 1993 జూన్ 1వ తేదీనుండి అమలులోనికి వచ్చిన 74వ రాజ్యాంగ సవరణ, పురపాలక సంఘాలకు అప్పగింపదగిన 18 అంశాలను పన్నెండవ షెడ్యూలులో పేర్కొన్నది. నీటి సరఫరా, పారిశుద్ధ్యం, రోడ్లు, మురికివాడల అభివృద్ధి, వీధిదీపాలు అందులో ఉన్నవి. జనన మరణాల నమోదు ఉన్నది. శ్మశానాలు, ఖబరస్తానులు ఉన్నవి. అనగా మానవుడు ఈ లోకంలో అడుగుపెట్టిన దినం మొదలు మట్టిలో కలిసే దినం వరకు పురపాలక సంఘంతో పని ఉన్నది. శాసనసభ్యుని ముఖం అయిదేండ్లకు ఒకసారి చూచినా జీవితం గడుస్తుంది. కుళాయి నీరు అయిదు దినాలు రాకపోతే గడవదు.

గడువు ముగియకముందే తిరిగి ఎన్నికలు జరుపవలెనని కూడా అదే సవరణ శాసించినది. అయితే మన రాష్ట్రంలో జరిగినది వేరు. 2005లో ఎన్నికైన కౌన్సిళ్ళ గడువు 2010లో ముగియగా, తిరిగి ఎన్నికలు 2014లో జరిగినవి. వాటి గడువు 2019లో తీరగా, తరువాతి ఎన్నికలు 2021 మార్చిలో జరిగినవి. నడుమ కాలమంతా ప్రత్యేకాధికారుల పాలన. ఆ అధికారులు సమర్థులు కారని మేము అనడం లేదు. కాని అధికారి తన పైవారికి జవాబుదారి. సభ్యుడు తన వీధివారికి జవాబుదారి. అంతకాలం సభ్యులు లేకుండా గడిచినా వీధులలో పెద్దగా అలజడి కలుగకపోవడం మమ్ములను ఎక్కువగా ఆలోచింపజేసినది. సభ్యుడు ఉన్నా లేకున్నా ఒకటేనని ప్రజలు తలచినారంటే, సభ్యులు తమ పనిని ఏ విధంగా చూపించియుంటారో ఊహించుకొనవచ్చు.

ఇంతకూ వార్డు సభ్యునికి ఉన్న అధికారం ఎంత? మేస్త్రీని పిలిచి ఈ కాలువ తీయుమని ఆజ్ఞాపించే అధికారం అతనికి లేదు. పనులు నడిపేది కమిషనరు, సిబ్బంది. సభ్యుని చేతిలో ఉన్నవి రెండే: ప్రశ్న, ఓటు. కౌన్సిలులో అడుగవచ్చు, బడ్జెటుపై మాట్లాడవచ్చు, తీర్మానంపై చేయి ఎత్తవచ్చు. ఈ రెండింటినీ పక్కన పెట్టి, ఫోనులో బతిమాలియో గదమాయించియో పని చేయించడమే సామర్థ్యమనే భావం నేడు వ్యాపించినది. ఫోనులో జరిగిన పనికి దాఖలా ఉండదు. ఒక వీధిలో దీపం వెలుగుతుంది. పక్క వీధివారు ఎందుకు చీకటిలో ఉన్నారో ఏ కాగితమూ చెప్పదు. కౌన్సిలులో అడిగిన ప్రశ్నకు మినిట్సు పుస్తకంలో చోటు ఉన్నది. సభ్యుడు మారినా ఆ ప్రశ్న మిగిలి ఉంటుంది.

జనన ధ్రువపత్రాన్ని ఉదాహరణగా తీసుకొందాము. 1969నాటి జనన మరణాల నమోదు చట్టాన్ని అనుసరించి, బిడ్డ పుట్టిన 21 దినాలలోపల సమాచారం ఇస్తే ఆలస్య రుసుము ఉండదు. ఏడాది దాటితే మేజిస్ట్రేటు ఉత్తరువు కావలెను. 2023 అక్టోబరు 1వ తేదీనాడు గాని, ఆ తరువాత గాని పుట్టిన బిడ్డలకు బడిలో చేరడం మొదలు ఓటరు జాబితాలో పేరు వరకు ఈ పత్రమే ఆధారమని చట్టాన్ని సవరించినారు. ఇంత ముఖ్యమైన కాగితాన్ని గురించి తెలియని తల్లిదండ్రులు ప్రతి వార్డులోనూ ఉన్నారు. బిడ్డకు బడియీడు వచ్చిన తరువాత పరుగెత్తుకొని వస్తారు. కాగితం ఉన్నవారికి పేరులో తప్పు. షేక్, సయ్యద్ అనే మాటలను పేరుకు ముందు వ్రాయవలెనో వెనుక వ్రాయవలెనో తెలియని గుమాస్తా చేతిలో, ఒకే మనిషి మూడు కాగితాలలో ముగ్గురు మనుషులవుతాడు. ఈ తిప్పలు మన కళాశాల కార్యాలయానికి కూడ తెలియనివి కావు.

సభ్యుడు అట్టి తండ్రిని వెంటబెట్టుకొనిపోయి పని చేయించి దీవెనలు పొందవచ్చు. అది తప్పు కాదు. కాని 21 దినాల సంగతిని జుమా నమాజు తరువాత మసీదు వాకిట, గుడి ముందర, రేషను దుకాణం గోడమీద రెండు భాషలలో తెలియజేసిన సభ్యుడు, ఎవరి దీవెనలూ పొందకుండానే ఎందరినో ఆ తిరుగుడునుండి తప్పిస్తాడు. మేము ఈ రెండవవానినే ప్రజాసేవకుడంటాము.

నీటి విషయంలో ఈ భేదం మరింత కఠినంగా కనిపిస్తుంది. భూగర్భ మురుగుకాలువలు ఉన్న పట్టణాలలో తలకు దినానికి 135 లీటర్లు నీరు ఇవ్వవలెనని ప్రమాణం ఉన్నది. ట్యాంకునుండి ఆ లెక్క ప్రకారమే నీరు బయలుదేరవచ్చు. కాని పైపు మొదట ఉన్న ఇంటివారు కుళాయికి మోటారు తగిలిస్తే చివరి ఇంటికి గాలి మాత్రమే వస్తుంది. మోటారు పెట్టినవారు తరచుగా సభ్యునికి కావలసినవారే. ఎన్నికలలో జెండా పట్టినవారు, వీధిలో పలుకుబడి గలవారు. చివరి ఇండ్లవారికి ట్యాంకరు పంపించడం సులభం, అందరూ మెచ్చుకొంటారు. మోటారు తీయించడం కష్టం, ఓట్లు పోతవి. ట్యాంకరు ఉపకారం, మోటారు తీయించడం న్యాయం. మా అయిదేండ్లలో మాకు అన్నింటికంటె ఎక్కువ విరోధులను సంపాదించి పెట్టినది మోటార్ల తనిఖీకి మేము ప్రతిపాదించిన తీర్మానమే. అన్నింటికంటె ఎక్కువ తృప్తినిచ్చినదీ అదే.

ఇక సంఘజీవనం సంగతి. మన సీమలో ఇరుగుపొరుగు మతాలవారి మైత్రికి కొరత లేదు. అనంతపురం జిల్లా గూగూడులో కుళ్ళాయిస్వామి పీర్ల పండుగకు హిందువులూ ముస్లిములూ కలిసి పోతారు. ఉగాదినాడు దేవుని కడప వేంకటేశ్వరుని గుడికి ముస్లిములు పోయి మొక్కుకొనే ఆచారం తరతరాలది. 2009 అక్టోబరు 2న తుంగభద్రా హంద్రీ నదులు పొంగి కర్నూలు మునిగినప్పుడు, కింది ఇండ్లవారికి పక్కవారి మేడలే ఆశ్రయమైనవి. ఈ మైత్రి నిజమైనదే. అయితే అది పండుగకూ ప్రమాదానికీ మాత్రమే పరిమితమైపోవడం మాకు విచారకరంగా తోస్తున్నది.

వినాయక నిమజ్జనమో మొహర్రమో దగ్గరపడగానే శాంతి సంఘాన్ని పిలుస్తారు. పెద్దలందరూ ఒక బల్లచుట్టూ కూర్చుంటారు. ఊరేగింపు పోయే దారిలో గుంతలు రెండు దినాలలో పూడుతవి, ఆరిపోయిన దీపాలు వెలుగుతవి, కాలువలు శుభ్రపడుతవి. పని చేసే శక్తి మన సంఘాలకు ఉన్నదనడానికి వేరే సాక్ష్యం వద్దు. మరి తక్కిన దినాలలో ఆ గుంతలు ఎందుకు ఉండవలెను? పండుగ కొరకు కూర్చున్న ఆ పెద్దలే నెలకొకసారి నీటి కొరకు, కాలువ కొరకు ఎందుకు కూర్చుండరాదు? కలహం వస్తుందనే భయం వారిని కలుపగలిగినప్పుడు, కలరా వస్తుందనే భయం కలుపలేదా?

స్త్రీల విషయంలో కూడా నిష్కర్షగా ఒక మాట చెప్పదలచినాము. పురపాలక స్థానాలలో మూడవవంతుకు తగ్గకుండా స్త్రీలకు ఉండవలెనని రాజ్యాంగం అన్నది. ఆంధ్ర, తెలంగాణ రాష్ట్రాలు దానిని సగానికి పెంచినవి. అయినా అనేక వార్డులలో గెలిచినది ఆమె, ఫోను ఎత్తేది ఆమె భర్త. కుళాయి దగ్గర బిందెతో నిలిచేది స్త్రీ. నీరు ఏ గంటకు వస్తుందో, ఎంత సన్నగా వస్తుందో ఆమెకంటె ఎక్కువగా ఏ పురుషునికి తెలుసు? ఈ సంచిక చదివే విద్యార్థినులలో కొందరైనా రేపు కౌన్సిలు హాలులో కూర్చుంటారని మా నమ్మకం. ఆ కుర్చీలో వారే కూర్చుండవలెను, ఆ ప్రశ్న వారే అడుగవలెను.

తెలుగూ ఉర్దూ రెండూ వినిపించే ఈ కళాశాలవారికి ఒక సంగతి జ్ఞాపకం చేయడం ఉచితమని తలుస్తాము. దరఖాస్తు, ఫిర్యాదు, రశీదు, మరమ్మతు, వసూలు, జరిమానా, బకాయి అనే మాటలు ఉర్దూ వాడుక ద్వారా మనకు వచ్చి తెలుగు మాటలే అయిపోయినవి. ఉర్దూ అక్షరం తెలియని రైతు కూడా ఫిర్యాదు అనే అంటాడు. అనగా న్యాయం అడుగవలసి వచ్చినప్పుడు మన రెండు భాషలవారి నోటా ఒకే మాట వస్తున్నది. తెలంగాణలో 2017లోను, ఆంధ్రప్రదేశ్‌లో 2022లోను ఉర్దూకు రెండవ అధికార భాష హోదా లభించినది, అది సంతోషకరమే. కాని చట్టం వచ్చినంతమాత్రాన వీధి చివరనున్న అవ్వ దరఖాస్తు తనంతట తాను వ్రాసుకొనదు. వ్రాసేవారు కావలెను. వ్రాసిన తరువాత రశీదు అడిగేవారు కావలెను.

ఆ పని విద్యార్థులది. జాతీయ సేవా పథకంలో చేరిన విద్యార్థి ఏడాదికి 120 గంటలు సేవ చేయవలసి ఉన్నది. మొక్కలు నాటడం, ఊరేగింపులు తీయడం మంచివే. కాని అందులో కొన్ని గంటలు వార్డులో ఒక బల్ల వేసుకొని కూర్చుండి, అడిగినవారికి తెలుగులోగాని ఉర్దూలోగాని దరఖాస్తు వ్రాసిపెట్టితే, తేదీ వేసి, నకలు ఉంచుకొని, రశీదు తెప్పించితే, ఆ సేవ ఎన్ని ఉపన్యాసాలకు సాటి! వాణిజ్యశాస్త్రం చదివేవారు పురపాలక బడ్జెటును పాఠ్యపుస్తకంవలె చదువవలెను. తమ వార్డుకు ఎంత కేటాయించినారో, ఎంత ఖర్చయినదో తెలియకపోతే 2005నాటి సమాచార హక్కు చట్టం ప్రకారం అడుగవచ్చు. 30 దినాలలో జవాబు రావలెను. కళాశాల కమిటీ పెద్దలు ఇందుకొక గదినీ, ఒక అధ్యాపకుని పర్యవేక్షణనూ ఏర్పాటు చేయగలరని మనవి.

రశీదు చేతిలో ఉన్న పౌరుడు సభ్యుని వాకిట తల వంచి నిలువవలసిన అవసరం లేదు. తన వాకిలి పలుచబడినదని సభ్యుడు చిన్నబోక, తన వార్డు పెద్దదైనదని సంతోషించవలెను. అట్టి సభ్యులను ఎన్నుకొనే పౌరులు, అట్టి సభ్యులు కాగల పౌరులు ఈ కళాశాలనుండి ఏటేటా బయలుదేరుదురుగాక అని మనసారా ఆకాంక్షిస్తున్నాము.