పడుదునేమోయను భయము

సంపాదక మహాశయా,

పక్షవాతమునుండి తేరుకొని యింటికి వచ్చినవారిని పడిపోకుండ కాపాడుటకై మంచము దిగనీయకుండుటయే క్షేమమని మీ గత సంచికలోని వ్యాసకర్త సెలవిచ్చిన దానితో నేనేకీభవింపజాలను. పడుట ప్రమాదమే, కాని పడుదునేమోయను భయముచే కదలిక మానినవాని కండరములు క్షీణించి, నిలుకడ తగ్గి, పడు సంభవము మునుపటికంటె హెచ్చును.

ఈ భయమును కొలుచు సాధనమొకదానిని 1990లో అమెరికా వైద్యురాలు మేరీ టినెట్టియు నామె సహచరులును ప్రకటించిరి. స్నానము, మంచమునుండి లేచుట, ఇంట తిరుగుట వంటి 10 పనులను పడకుండ చేయగలనను నమ్మకము రోగికెంత గలదో అడిగి తెలిసికొనుటయే దాని స్వరూపము. అతడే పనికి వెనుదీయుచున్నాడో తెలిసినచో అభ్యాసమచ్చటనే ఆరంభింపవచ్చును.

ఫిజియోథెరపిస్టు నేర్పిన రీతిని గట్టి కుర్చీనుండి లేచి కూర్చుండుట, వంటగట్టు పట్టుకొని నిలిచి బరువును బలహీనమైన కాలిపైకి మెల్లగా మార్చుట, ఒకరా వైపున తోడు నిలువగా గడప దాటుట నిత్యము సాగవలెను. పడినచో నేలనుండి లేచు విధమును సైతము నేర్పవలెను. అపశకునమని యెంచి కాబోలు, మన యిండ్లలో పెక్కురు దీనిని ప్రస్తావింపరు. తడి స్నానాలగదిని, జారు చెప్పులను, రాత్రి చీకటిని సవరింపవలెనని వేరుగ చెప్పనక్కరలేదు. "నీవు లేవకు నాన్నా, నేనందించెద" నను కొడుకు ప్రేమను శంకింపను గాని, రోగి చేయగల పనిని లాగికొను ప్రేమ వానికి భయమునే బోధించును.

లేచినపుడు తల తిరుగువారు మాత్రము ముందుగా వైద్యునకు చూపించుకొని, రక్తపుపోటును, వాడు మందులను పరీక్షింపజేసికొనవలెను. బంధువులకు నా మనవి: ఆసుపత్రి విడుచు దినముననే, ఏ పనులను రోగి ఒంటరిగా, ఏవి తోడుతో చేయవచ్చునో అడిగి వ్రాయించుకొనుడు.

ఇట్లు,
ఒక పాఠకుడు