భాష వచ్చినవాడికి హాజరుపట్టీ ఎందుకు?

మా నాయనమ్మ ఎనిమిదో క్లాసుతో బడి మానేసిన మనిషి. పెళ్లయి, ఇద్దరు పిల్లల తల్లయ్యాక, రాత్రిపూట వంటిల్లు సర్దుకుని లాంతరు ముందు కూర్చునేదట. దక్షిణ భారత హిందీ ప్రచార సభ వారి ప్రాథమిక, మధ్యమ, రాష్ట్రభాష, ప్రవేశిక, విశారద, ప్రవీణ ఒక్కొక్క మెట్టే ఎక్కింది. తర్వాత పండిట్ ట్రైనింగు చేసి, ఇరవై రెండేళ్లు హైస్కూల్లో హిందీ చెప్పింది. ఏ కాలేజీ గుమ్మమూ తొక్కలేదు. "నీ అటెండెన్సు ఎంతమ్మా?" అని ఆవిణ్ణి ఎవరూ అడగలేదు. హిందీ వచ్చా, రాదా? అడిగింది అంతే.

ఆవిడ మనవణ్ణి నేను. ఇంటరు చదువుతూనే రెండేళ్లు సాయంత్రం క్లాసులకు వెళ్లి ఫ్రెంచి నేర్చుకున్నాను. డెల్ఫ్ పరీక్షలో బి1 స్థాయి పాసయ్యాను. వినడం, చదవడం, రాయడం, మాట్లాడడం నాలుగింటికీ తలా 25 మార్కులు. నూటికి 50 రావాలి, దేంట్లోనూ 5కు తగ్గకూడదు. అంత గట్టి పరీక్ష అది. ఆ సర్టిఫికెట్టు పట్టుకుని ఆఫీసుకు వెళితే గుమాస్తాగారు చూసి, "బావుంది బాబూ, ఫ్రేము కట్టించుకో. క్లాసుకు మాత్రం రావాలి. 75 శాతం హాజరు ఉండాలి" అన్నారు. ఇంకేముంది! ఒకటి నుంచి పది దాకా ఫ్రెంచిలో అంకెలు లెక్కపెడుతూ ఒక సెమిస్టరు గడిపాను. పాఠం చెప్పే మేడమే ఒకరోజు "నీకిక్కడ పనేమిటయ్యా?" అని నవ్వారు.

నాకు పోయింది కాలమే. నా మిత్రుడికి ఏడాది పోయింది. రాత్రిళ్లు హోటలు రిసెప్షనులో పనిచేస్తూ జపనీసు నేర్చుకుని ఎన్3 పాసైనవాడు, జపనీసు క్లాసులోనే హాజరు చాలక డిటెయిన్ అయ్యాడు. వచ్చిన భాషే వాణ్ణి వెనక్కి లాగింది. ఇదెక్కడి న్యాయం మిత్రులారా?

లోకంలో ఇది కొత్త మాట కాదు. లండన్ విశ్వవిద్యాలయం 1858లోనే, ఏ కాలేజీలోనూ చేరకుండా చదువుకున్నవారికి డిగ్రీ పరీక్షల తలుపు తెరిచింది. అమెరికాలో 1967లో మొదలైన క్లెప్ పరీక్షల్లో ఫ్రెంచి, జర్మన్, స్పానిష్ ఉన్నాయి. ఫ్రెంచిలో వచ్చిన మార్కును బట్టి 6 గాని 9 గాని క్రెడిట్లు ఇవ్వవచ్చని సిఫారసు ఉంది. ఒప్పుకోవడం, మానడం కాలేజీ ఇష్టం. న్యూయార్కు రాష్ట్రం 1971లో క్లాసులే లేని డిగ్రీ పథకం పెట్టింది. బయట నేర్చుకున్నదాన్ని పరీక్షించి, కూడి, పట్టా ఇవ్వడమే దాని పని. అంతెందుకు, అక్కడి మనవాళ్ల పిల్లలకు తెలుగు విదేశీ భాషే కదా. కొన్ని చోట్ల హైస్కూళ్లలో, ఇంట్లో అమ్మ దగ్గర నేర్చుకున్న తెలుగుకు పరీక్ష పెట్టి క్రెడిట్ ఇస్తున్నారు. అమ్మ నేర్పిన తెలుగు అక్కడ చెల్లుతుంది. చెమటోడ్చి నేర్చుకున్న ఫ్రెంచి ఇక్కడ చెల్లదు!

"ప్రమాణాలు పడిపోతాయి" అంటారు పెద్దలు. ఆ మాట తోసిపుచ్చదగింది కాదు. జపనీసు ఎన్3 మొత్తం టిక్కులు పెట్టే పరీక్షే. అందులో నోరు విప్పక్కర్లేదు, కలం కదపక్కర్లేదు. క్లెప్ భాషా పరీక్షల్లోనూ మాట్లాడించరు. అలాంటి కాగితాలు పది కుట్టి డిగ్రీ అంటే నేనూ ఒప్పుకోను. భాష రావడం వేరు, భాషలో డిగ్రీ వేరు. సాహిత్యం, చరిత్ర, అనువాదం గురువు ఎదుట కూర్చుని, నలుగురితో వాదించి నేర్చుకోవలసినవి. డెల్ఫ్ బి1 పాసైన నాకు ఫ్రెంచి నవల ఒక్కటీ సరిగ్గా చదవడం రాదు. నేను క్లాసుకు వెళ్లాల్సింది దానికోసం. అంకెల కోసం కాదు.

"మరి మా పోస్టులేమవుతాయి?" అని అధ్యాపకుల భయం. అంకెలు నేర్పే గంటలు మిగిలితే నవల చెప్పే గంటలు పెరుగుతాయి. పని తగ్గదు, పనికి విలువ పెరుగుతుంది.

పైగా తలుపు ఇప్పటికే సగం తెరిచి ఉంది. స్వయం ఆన్‌లైన్ కోర్సుల ద్వారా సెమిస్టరులో 40 శాతం దాకా చదువుకోవచ్చని యు.జి.సి. 2021లో నిబంధన తెచ్చింది. క్రెడిట్లు దాచుకునే అకడమిక్ బ్యాంకు కూడా ఆ ఏడాదే వచ్చింది. కంప్యూటరు ముందు కూర్చుని నేర్చింది లెక్కలోకి వస్తున్నప్పుడు, పరీక్షకుల ముందు మాట్లాడి నెగ్గింది ఎందుకు రాదు?

కాబట్టి మన యూనియను అకడమిక్ కౌన్సిలును మూడు కోరికలు కోరాలి. ఒకటి, గుర్తింపు పొందిన భాషా పరీక్ష పాసైనవారికి ప్రారంభ స్థాయి పేపర్ల క్రెడిట్లు ఇవ్వాలి. రెండు, ఇచ్చే ముందు మన శాఖవారే ఇరవై నిమిషాలు ఎదుట కూర్చోబెట్టి మాట్లాడించాలి, ఒక పేజీ రాయించాలి. మూడు, సర్టిఫికెట్టు ఫీజు కట్టలేని విద్యార్థికి ఆ పరీక్ష కాలేజీలోనే పెట్టాలి. లేకపోతే ఇది డబ్బున్నవాళ్ల దొడ్డిదారి అవుతుంది.

ఈ మూడో కోరిక చాలామందికి చిన్నదిగా కనిపిస్తుంది. నాకు అదే పెద్దది. మా నాయనమ్మ దగ్గర ఆనాడు ఉన్నదల్లా లాంతరు, రాత్రి రెండు గంటలు. ఆ రెండు గంటలకు ఆనాడు విలువ కట్టినవాళ్లున్నారు కాబట్టే మా ఇంట్లో చదువు నిలిచింది. రాత్రి డ్యూటీ దిగి ఎర్రబడ్డ కళ్లతో మన పక్క బెంచీలో కూర్చునేవాడి గంటలకు విలువ కట్టే పని ఇప్పుడు మనది. కొత్త కార్యవర్గం ఆలోచించాలి.